పుస్తకం పోలేని చోటికి ఒక్క కాగితం
సుగ్గికి పోయే పదో తరగతి పిల్లలకు ఒక పేజీ చదువు చేదోడు

సంక్రాంతి పండుగ దాటిందంటే కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో వీధి వీధికీ తాళం వేసిన ఇళ్లు కనిపిస్తాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల నుంచి మిరప కోతల కోసం గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల వైపు బండ్లు బయలుదేరుతాయి. దీన్నే ఇక్కడి జనం సుగ్గికి పోవడం అంటారు. బియ్యం మూట, జొన్నల మూట, వంటసామాను, కప్పుకునే దుప్పట్లు, చంటిబిడ్డకు ఉయ్యాల కట్టే పాత చీర అన్నీ సర్దాక చివరగా బండెక్కేది బడి ఈడు పిల్లలు. వారి పుస్తకాల సంచి మాత్రం ఇంట్లో కొయ్యకు వేలాడుతూ ఉండిపోతుంది.

మార్చి నెలలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. మిరప కోతలు ముమ్మరంగా సాగేది కూడా ఆ రోజుల్లోనే. రెండు నెలలు చేలో కాయ కోసి, పరీక్షకు వారం ముందు ఊరు చేరే పిల్లవాడికి జూన్ నుంచి డిసెంబరు దాకా విన్న పాఠాలు కలలో విన్నట్టు మసకగా ఉంటాయి. పుస్తకం తెరిస్తే అన్నీ తెలిసినట్టే ఉంటుంది. మూస్తే ఒక్క మాటా నోటికి రాదు.

2024 మార్చిలో జరిగిన పదో తరగతి పరీక్షల్లో రాష్ట్రం మొత్తం మీద ఉత్తీర్ణత 86.69 శాతం. పార్వతీపురం మన్యం జిల్లా 96.37 శాతంతో అన్నిటికంటే ముందు నిలిచింది. కర్నూలు జిల్లా 62.47 శాతంతో అన్నిటికంటే చివర నిలిచింది. అంటే ఆ ఏడు ఈ జిల్లాలో పరీక్ష రాసిన ప్రతి 8 మందిలో సుమారు ముగ్గురు తప్పారు. ఇందుకు కారణాలు అనేకం ఉండవచ్చు. వలస వాటిలో ఒకటి. బడికి వచ్చిన పిల్లలకు సైతం చదివినది పరీక్ష నాటికి నిలవకపోవడం మరొకటి. ఈ రెండో దానికి మందు ఖరీదైనది కాదు. ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను చాలు.

ఏమిటీ కాగితం?

ఒక పాఠం సారాన్నంతా ఒకే ఒక పేజీలోకి తెచ్చుకోవడమే ఈ పద్ధతి. ఇంగ్లండు పాఠశాలల్లో గత పదేళ్లకు పైగా ఇలాంటి కాగితాలు బాగా వాడుకలోకి వచ్చాయి. వాటిని అక్కడ నాలెడ్జ్ ఆర్గనైజర్లు అని పిలుస్తారు. పాఠంలో తప్పక తెలియవలసిన మాటలు, వాటి అర్థాలు, ముఖ్యమైన సంవత్సరాలు, ఒక బొమ్మ, ఇవన్నీ ఒక పేజీలో వరుసగా ఉంటాయి. పాఠం మొదలు పెట్టే రోజే ఉపాధ్యాయుడు దాన్ని పిల్లల చేతికి ఇస్తాడు.

మనకూ ఇది బొత్తిగా కొత్త కాదు. ఎక్కాల పుస్తకం ఇలాంటిదే. ఒక్క పేజీ, ఒక్క చూపు, పది వరుసలు. వీధిబడుల కాలంలో పంతులుగారు పాఠం చెప్పి ఊరుకునేవారు కాదు. మరునాడు పొద్దున్నే పిల్లవాణ్ణి నిలబెట్టి అప్పజెప్పించుకునేవారు. అప్పజెప్పడం అంటే పలక పక్కన పెట్టి, పుస్తకం మూసి, తలలో ఉన్నది బయటికి తీయడం. ఇప్పుడు చదువు పెరిగింది, పుస్తకాలు లావయ్యాయి. అప్పజెప్పడం మాత్రం తగ్గింది. ఒక పేజీ కాగితం చేసే మేలు ఆ పాత అలవాటును మళ్లీ తెచ్చిపెట్టడమే.

ఫిబ్రవరి నెలలో సాయంకాలం ఏ ఉన్నత పాఠశాలకు వెళ్లినా పదో తరగతి పిల్లలు వరండాలో, వేపచెట్టు కింద వరుసగా కూర్చుని గొంతెత్తి చదువుతుంటారు. చదివినదే మళ్లీ చదువుతారు. గైడులో గీత గీసిన వరుసల మీద మళ్లీ గీత గీస్తారు. కష్టపడటం లేదని వారిని అనడానికి లేదు. కష్టం ఎక్కడ పెట్టాలో చెప్పేవారు తక్కువ.

మరపు ఎంత వేగం?

చదివినది ఎంత వేగంగా మరిచిపోతామో తొలిసారిగా కొలిచి చూసినవాడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మనీ శాస్త్రవేత్త. అర్థం లేని అక్షరాల గుంపులను కంఠతా పట్టి, కొంత కాలం తర్వాత వాటిని తిరిగి నేర్చుకోవడానికి ఎంత శ్రమ మిగిలిందో తన మీద తానే పరీక్షించుకున్నాడు. 1885లో ఆ ఫలితాలను ప్రచురించాడు. గంట గడిచేసరికి పడిన శ్రమలో సగానికి పైగా వృథా అయింది. ఒక రోజు గడిచేసరికి మూడింట రెండు వంతులు పోయింది. ఆ తర్వాత మాత్రం తరుగుదల నెమ్మదించింది. నెల నాటికి సుమారు ఐదో వంతు మిగిలింది.

అర్థమైన పాఠం అంత వేగంగా పోదు. అయినా మరపు నడిచే దారి అదే. మొదటి రోజు, మొదటి వారమే ఎక్కువ నష్టం. కొత్త కుండలో నీళ్లు పోస్తే మొదట్లో ఎక్కువ పీల్చుకుంటుంది కదా, అలాగ. అందువల్ల పాఠం విన్న మరునాడు పది నిమిషాలు వెచ్చించడం, పరీక్ష ముందు రోజు రాత్రంతా మేలుకోవడం కంటే లాభం.

మరి ఆ పది నిమిషాలు ఏం చేయాలి? మళ్లీ చదవాలా, అప్పజెప్పాలా? దీనికి 2006లో అమెరికా దేశంలో జరిగిన ఒక పరీక్ష సమాధానం చెప్పింది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు కళాశాల విద్యార్థులకు చిన్న చిన్న పాఠాలు ఇచ్చారు. కొన్నిటిని రెండుసార్లు చదివించారు. కొన్నిటిని ఒకసారి చదివించి, రెండోసారి కాగితం మూసి గుర్తున్నది రాయమన్నారు. 5 నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివిన పాఠమే ఎక్కువగా గుర్తుంది. 81 పాళ్లు అది, 75 పాళ్లు ఇది. వారం తర్వాత చూస్తే లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివినది 42 పాళ్లకు పడిపోయింది. ఒకసారి చదివి ఒకసారి రాసినది 56 పాళ్లు నిలిచింది.

పల్లె పిల్లలు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. చదివిన వెంటనే అంతా వచ్చినట్టే ఉంటుంది. అది నిజం కూడా. అయితే పరీక్ష 5 నిమిషాలకు రాదు, నెలలకు వస్తుంది.

కాగితం ఎలా తయారు చేయాలి?

తల్లిదండ్రులకు సైతం తెలిసిన సంగతితో చెబితే సులభంగా ఉంటుంది. తుంగభద్ర నది మీద ఒక కాగితం తయారు చేయాలనుకుందాం. ముందుగా తెల్ల కాగితాన్ని నిలువుగా మడవాలి. ఎడమవైపు మూడో వంతు, కుడివైపు రెండు వంతులు వచ్చేలా మడత ఉండాలి. ఎడమవైపు అడిగే మాట, కుడివైపు జవాబు. మొత్తం 10 వరుసలకు మించకూడదు.

1. పుట్టుక: తుంగ, భద్ర అనే రెండు నదులు. రెండూ కర్ణాటకలోని పశ్చిమ కనుమల్లో పుట్టాయి.

2. కలిసే చోటు: శివమొగ్గ జిల్లాలోని కూడ్లి.

3. ఉపనది: వేదవతి. దీన్నే హగరి అంటారు.

4. ఆనకట్ట: హొసపేట వద్ద. నాటి మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు కలిసి తలపెట్టాయి. 1953 నాటికి పూర్తయింది.

5. గేట్లు: 33. వీటిలో 19వ గేటు 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి కొట్టుకుపోయింది.

6. మన కాలువ: దిగువ కాలువ. అందరూ ఎల్లెల్సీ అంటారు.

7. పుణ్యక్షేత్రం: ఒడ్డున మంత్రాలయం.

8. సుంకేసుల: ఇక్కడి నుంచి కె.సి. కెనాల్ మొదలవుతుంది. కె.సి. అంటే కర్నూలు, కడప.

9. కర్నూలు: ఇక్కడ హంద్రీ వచ్చి కలుస్తుంది.

10. చివర: సంగమేశ్వరం ప్రాంతంలో కృష్ణానదిలో కలుస్తుంది.

కాగితం వెనుకవైపు నది గీత ఒకటి గీసి, కూడ్లి, హొసపేట, మంత్రాలయం, సుంకేసుల, కర్నూలు, సంగమేశ్వరం అనే ఆరు చుక్కలు పెట్టుకోవాలి. అంతే. కాలువ నీళ్ల కోసం రాత్రుళ్లు గట్టు మీద కాపలా కాసిన రైతు ఈ కాగితాన్ని చూస్తే, రాయడం రాకపోయినా, తన పిల్లవాడి తప్పును దిద్దగలడు.

సైన్సు పాఠానికీ ఇదే పద్ధతి. గుండె పాఠం తీసుకుంటే గదులు నాలుగు. పై రెండు కర్ణికలు, కింది రెండు జఠరికలు. శరీరం నుంచి వచ్చే చెడురక్తం కుడివైపు చేరుతుంది. అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి, ప్రాణవాయువు నింపుకుని ఎడమవైపు వస్తుంది. ఎడమ జఠరిక దాన్ని బృహద్ధమనిలోకి తోస్తుంది. ఆ జఠరిక ఒళ్లంతటికీ రక్తం పంపాలి కనుక దాని గోడ అన్నిటికంటే మందం. ఇక్కడ ‘కనుక’ అన్న మాట ముఖ్యం. కాగితం మీద పేర్లు మాత్రమే రాసి, కారణం వదిలేస్తే అది చిలక పలుకు అవుతుంది. ప్రతి కాగితంలో కనీసం రెండు వరుసలు ‘ఎందుకు’ అనే మాటతో మొదలు కావాలి.

లెక్కలకు కాగితం కొంచెం వేరు. పైన సూత్రం, దాని కింద ఒక్క లెక్క పూర్తిగా చేసి, అడుగున ‘నేను చేసే తప్పు’ అని ఒక వరుస రాసుకోవాలి. ఉదాహరణకు, ఒకటి నుంచి వరుసగా వచ్చే అంకెల మొత్తం కావాలంటే చివరి అంకెను దాని తర్వాతి అంకెతో గుణించి సగం చేయాలి. 1 నుంచి 100 దాకా కూడితే 100ను 101తో గుణించి సగం చేయగా 5050 వస్తుంది. సగం చేయడం మరచిపోయే పిల్లవాడు ‘సగం చేయి’ అని అడుగున ఎర్ర సిరాతో రాసుకోవాలి. ఎవరి తప్పు వారికే తెలుసు. అందుకే ఎవరి కాగితం వారే తయారు చేసుకోవాలి. లెక్కల విషయంలో మాత్రం కాగితం చూసి తృప్తి పడితే చాలదు. దాన్ని మూసి రోజూ రెండు లెక్కలైనా చేయవలసిందే.

వాడే తీరు ముఖ్యం

కాగితం తయారైతే పని సగమే అయినట్టు. కాగితాన్ని మడత పెట్టి జవాబుల వైపు కనబడకుండా చేయాలి. ఎడమవైపు మాట చూసి జవాబు పైకి చెప్పాలి, లేదా పలక మీద రాయాలి. తర్వాత మడత విప్పి సరిచూసుకోవాలి. రాని వరుస పక్కన ఒక చుక్క పెట్టుకోవాలి. రెండోసారి ఆ చుక్కలున్న వరుసలే ముందు చెప్పాలి. వచ్చినదే పదిసార్లు చెప్పుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది గాని మార్కు పెరగదు.

ఇక రోజుల లెక్క. కాగితం మూలన నాలుగు తేదీలు వేసుకోవాలి. తయారు చేసిన రోజు, మరునాడు, వారం తర్వాత, నెల తర్వాత. ఏ రోజు అప్పజెపితే ఆ తేదీ పక్కన టిక్కు పెట్టాలి. ఒకే రోజు నాలుగుసార్లు చెప్పుకోవడం కంటే నాలుగు రోజుల్లో నాలుగుసార్లు చెప్పుకోవడం మేలు. పైరుకు నాలుగు తడుల నీళ్లు ఒకే పూట పెట్టే రైతు ఉండడు కదా.

మిరప చేలో ఉన్న పిల్లవాడికి ఇది మరీ పనికి వస్తుంది. ఆరు సబ్జెక్టుల పుస్తకాలు గుడారంలోకి మోసుకుపోలేడు. మోసుకుపోయినా రాత్రి దీపం వెలుగులో అన్నీ తిరగేసే ఓపిక ఉండదు. చొక్కా జేబులో మడిచిన నాలుగు కాగితాలు బరువు కావు. సద్ది తినే వేళ ఒకటి, పొద్దుగూకి పొయ్యి రాజేసే వేళ ఒకటి చెప్పుకోవచ్చు. కాగితం తడవకుండా పాలిథీన్ కవరులో పెట్టుకుంటే మార్చి దాకా నిలుస్తుంది.

చదువు రాని తల్లి కూడా పరీక్ష పెట్టవచ్చు

‘మాకు చదువు రాదు, పిల్లోనికి ఏం చెప్పిస్తాం’ అని పల్లెల్లో చాలామంది తల్లులు వెనుకాడుతుంటారు. ఈ పద్ధతిలో చెప్పించవలసిన పని లేదు. వింటే చాలు. కాగితం తల్లి చేతికి ఇచ్చి పిల్లవాడు ఎదురుగా కూర్చోవాలి. తల్లి ఒడిలో పది చింతపిక్కలు పెట్టుకోవాలి. పిల్లవాడు ఒక్కొక్క సంగతి చెప్పినప్పుడల్లా ఒక పిక్క పక్కన పెట్టాలి. పది సంగతులూ చెబితే ఒడి ఖాళీ అవుతుంది. మూడు పిక్కలు మిగిలితే మూడు సంగతులు మిగిలినట్టు. చెప్పినవి ఒప్పో తప్పో ఆ తర్వాత పిల్లవాడే కాగితం చూసి తేల్చుకుంటాడు.

ఇందులో మరో లాభం ఉంది. తల్లికి అర్థమయ్యేలా చెప్పగలిగితే పాఠం వాడికి అర్థమైనట్టే. ‘అదేంది, గుండె గోడ ఎందుకు మందం?’ అని తల్లి ఒక్క ప్రశ్న వేస్తే, గైడు పుస్తకం వెయ్యలేని ప్రశ్న వేసినట్టే. అక్కలు చెల్లెళ్లకు, అన్నలు తమ్ముళ్లకు అప్పజెప్పించుకోవచ్చు. ఇద్దరు స్నేహితులు కాగితాలు మార్చుకుని ఒకరినొకరు అడుగుకోవచ్చు.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సుగ్గికి పోయిన చోట వంట, చంటిపిల్లల సాకుడు, నీళ్లు మోయడం వారి మీదే పడతాయి. చేతులు పనిలో ఉన్నా నోరు ఖాళీగానే ఉంటుంది. రొట్టె కాలుస్తూ పది వరుసలు చెప్పుకోవడానికి వీలవుతుంది. అలాగని అన్ని పనులూ వారి నెత్తిన వేసి చదువుకోమనడం న్యాయం కాదు. రోజుకు అరగంట వారికి వదిలిపెట్టడం ఇంటి పెద్దల బాధ్యత.

పప్పులో కాలు వేయరాదు

ఏ మంచి పద్ధతికైనా చెడు వాడకం ఒకటి ఉంటుంది. పరీక్షలు దగ్గర పడగానే జిరాక్సు అంగళ్లలో అచ్చు కాగితాల కట్టలు అమ్ముడుపోతాయి. ఒకరు రాసిన కాగితాన్ని పదిమంది జిరాక్సు తీసుకుంటారు. డబ్బు పోవడం అటుంచి, దానివల్ల కలిగే మేలు చాలా తక్కువ. పాఠం చదివి, ఏది ముఖ్యమో, ఏది కాదో తేల్చుకునేటప్పుడే సగం పాఠం తలకెక్కుతుంది. ఆ పని వేరొకరు చేసి పెడితే మనకు మిగిలేది కాగితమే.

సొంతంగా రాసినంత మాత్రాన సరిపోదు కూడా. అమెరికాలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన డన్‌లోస్కీ, ఆయన తోటివారు చదువుకునే పద్ధతులు 10 తీసుకుని, వాటి మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ పరిశీలించి 2013లో ఒక నివేదిక వెలువరించారు. తనకు తాను పరీక్ష పెట్టుకోవడం, రోజులు ఎడం ఇచ్చి చదవడం అనే రెంటికే వారు మొదటి స్థానం ఇచ్చారు. వరుసల కింద గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం, సారాంశం రాసుకోవడం అనేవి అంతగా పనికిరావని తేల్చారు. సారాంశం బాగా రాయడం నేర్పితే తప్ప పిల్లలకు దానివల్ల లాభం తక్కువని వారి అభిప్రాయం. అంటే కాగితం గోడకు అంటించి మురిసిపోతే ప్రయోజనం లేదు. మడిచి అప్పజెపితేనే ప్రయోజనం.

మరొక ప్రమాదం ఇంతకంటే పెద్దది. చిన్న కాగితం చూడగానే కొందరికి చిట్టీ ఆలోచన వస్తుంది. జేబులో మరచిపోయిన కాగితమైనా సరే, పరీక్ష హాలులో దొరికితే అది చిట్టీయే అవుతుంది. పబ్లిక్ పరీక్షల్లో అక్రమాలను అరికట్టడానికి 1997లోనే రాష్ట్రంలో ప్రత్యేక చట్టం వచ్చింది. పరీక్ష రోజు ఉదయం ఇల్లు వదిలేముందు జేబులు, అట్ట, పెన్నుల డబ్బా ఒకసారి తడిమి చూసుకోవాలి. కాగితాలన్నీ ఇంట్లో దేవుని గూట్లో పెట్టి బయలుదేరితే ఏ చీకూ చింతా ఉండదు.

పాఠాన్ని పది వరుసలకు కుదిస్తే చదువు సన్నబడిపోదా అని ప్రశ్నించే ఉపాధ్యాయులు లేకపోలేదు. ఆ ప్రశ్న సరైనదే. తెలుగు పద్యం రుచి పది వరుసల్లో రాదు. వ్యాసం రాయడం కాగితం మడతల్లో పట్టుబడదు. పైగా ఇప్పటి ప్రశ్నపత్రాల్లో ఆలోచించి రాయవలసిన ప్రశ్నలు తక్కువేమీ కాదు. కనుక కాగితం పుస్తకానికి బదులు కాదు, పుస్తకానికి తలుపు. ఒక వరుస చూడగానే దాని వెనుక ఉన్న పేజీ గుర్తుకు రావాలి. రాకపోతే పుస్తకం తెరవాలి. పాఠమే వినని పిల్లవాడికి కాగితం ఇస్తే చీకటి ఇంట్లో అద్దం ఇచ్చినట్టే ఉంటుంది.

బడి చేయగలిగింది, ఊరు చేయగలిగింది

ఉపాధ్యాయులు పాఠం ముగించిన రోజున ఆఖరి పది నిమిషాలు కాగితం తయారీకి కేటాయిస్తే చాలు. బోర్డు మీద ఎడమవైపు పది మాటలు రాసి, కుడివైపు జవాబులు పిల్లల చేతనే నింపించవచ్చు. తప్పులు అక్కడికక్కడే దిద్దవచ్చు. ఇది అవసరం. తప్పు రాసుకున్న కాగితాన్ని నాలుగుసార్లు అప్పజెపితే తప్పే స్థిరపడుతుంది. మరునాడు పాఠం మొదలు పెట్టే ముందు ఇద్దరు ముగ్గురిని లేపి నిన్నటి కాగితం అడిగితే మిగిలిన వారంతా దారిలోకి వస్తారు. రాని వారిని అందరి ముందు చులకన చేయరాదు. భయపడే పిల్లవాడు మరునాడు బడి ఎగ్గొడతాడు.

సుగ్గికి పోయే ఇళ్లు ఏవో సంక్రాంతికి ముందే బడికి తెలుస్తుంది. ఆ పిల్లల కాగితాలు సరిగా ఉన్నవో లేవో ముందుగా చూసి పంపడం మంచిది. ఈ రోజుల్లో గుడారంలో సైతం సెల్‌ఫోను ఉంటోంది. వారానికొకసారి వాట్సాప్‌లో అయిదు ప్రశ్నలు పంపి జవాబు మాటలతో రికార్డు చేసి పంపమంటే పిల్లవాడికి బడితో బంధం తెగదు. పంతులు గొంతు వినబడితే చాలు, నేనింకా పదో తరగతి వాణ్ణే అన్న ధైర్యం మిగులుతుంది.

వీటన్నిటికంటే మేలైనది పిల్లలను ఊళ్లోనే ఉంచడం. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నారు. బండి మాట్లాడుకునే ముందే హెడ్మాస్టరును కలిసి, తమ ఊళ్లో గాని పక్క ఊళ్లో గాని హాస్టలు ఉందా, పదో తరగతి వారిని చేర్చుకుంటారా అని అడగాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే వర్తిస్తుంది. పదో తరగతి పిల్లలు చాలామంది ఆ వయసు దాటినవారే. కనుక వారి బాగోగులు చూడవలసింది ఇంటివారు, ఊరివారు. అవ్వ తాతలు ఊళ్లో ఉన్న ఇళ్లలో పిల్లవాణ్ణి వారి దగ్గర వదిలిపోవడానికి వెనుకాడరాదు. రెండు నెలల కూలి ఆ ఏడు తిండికి సరిపోవచ్చు. పది పాసైన కాగితం మాత్రం ఐ.టి.ఐ.లో, ఇంటర్మీడియెట్‌లో చేరడానికి, చిన్న ఉద్యోగానికి జీవితమంతా పనికి వస్తుంది.

ఇప్పుడు మొదలు పెట్టినా ఆలస్యం కాదు

ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు అనగానే పిల్లలకు గుండె జారుతుంది. వారానికి మూడు కాగితాల చొప్పున తయారు చేసుకుంటే మూడు నెలలకు 36 కాగితాలు అవుతాయి. ఒక్కొక్క దానిలో పది సంగతులు అంటే 360 సంగతులు. ఇవి గట్టిగా వచ్చిన పిల్లవాడు పరీక్ష హాలులో ఖాళీ కాగితం ఇచ్చి రాడు. కాగితాలన్నిటికీ అయ్యే ఖర్చు ఒక్క పూట టీ ఖర్చుకు మించదు.

తప్పిన వారూ దిగులు పడనక్కరలేదు. మార్చిలో తప్పిన వారికి వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు పెడుతున్నారు. అందులో పాసైతే చదువు ఏడాది వృథా కాదు. తప్పిన సబ్జెక్టు ఏదో దాని కాగితాలు మళ్లీ బయటికి తీసి, చుక్కలున్న వరుసలు ముందు చెప్పుకోవడమే చేయవలసిన పని. తిట్టడం వల్ల, పక్కింటి పిల్లవాడితో పోల్చడం వల్ల ఒక్క మార్కూ రాదు.

సుగ్గి నుంచి తిరిగి వచ్చే బండ్లలో మిరపకాయల ఘాటుతో పాటు కూలి డబ్బులు వస్తాయి. ఆ బండి దిగే పిల్లవాడి జేబులో నలిగి, మడతల దగ్గర చినిగి, మూలన నాలుగు టిక్కులు పడిన కాగితాలు కూడా ఉంటే ఆ ఇంటికి రెండు పంటలు చేతికి వచ్చినట్టు. ఈ రాత్రి అన్నం తిన్నాక ప్రతి ఇంట్లో పిల్లవాణ్ణి పిలిచి, పది చింతపిక్కలు ఒడిలో వేసుకుని, ‘ఈ రోజు బడిలో ఏం చెప్పినారో చెప్పు నాయనా’ అని అడిగితే చాలు. మొదటి కాగితం రేపు పొద్దున వాడే తయారు చేసుకుంటాడు.